అగ్గిపుల్ల లేని నాడు

మన యిండ్లలోని వస్తువులన్నింటిలో అగ్గిపెట్టెకు దక్కిన గౌరవము మిక్కిలి తక్కువ. దేవుని గూటిలో దీపము వెలిగించుటకు అదియే కావలెను. పొయ్యి రాజుకొనుటకు అదియే కావలెను. విద్యుత్తు పోయిన రాత్రి చీకటిలో తడుముకొనుచు మొదట వెదకునదియు అదియే. అయినను పుల్ల గీచి పారవేసిన పిమ్మట దానిని గూర్చి తలచువారు లేరు. ఆ పుల్ల మానవుని చేతికి వచ్చి ఇంచుమించు రెండు వందల సంవత్సరములు మాత్రమే అయినది. అంతకు ముందు వేల యేండ్లు మన పూర్వులు దీపము పెట్టిరి, అన్నము వండిరి, కుండలు కాల్చిరి, ఇనుము కరగించిరి. ఆ నిప్పు వారికి ఎక్కడినుండి వచ్చెను? ఇంటికి, ఊరికి దూరముగ అడవిలోనో సముద్రతీరముననో చిక్కుకొన్నవాడు దానినెట్లు సంపాదించెను? ఈ విషయమును నేడు కొంత విచారింతము.

ఈ విచారణకు మనము వాడరేవును నిలువ చోటుగ ఎన్నుకొందము. చీరాల పట్టణమునకు కొలది మైళ్ళ దూరమున సముద్రపుటొడ్డున ఉన్న పల్లె అది. మొదట గుంటూరు జిల్లాలోను, 1970 నుండి ప్రకాశము జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరినది. పేరులోని ‘వాడ’ అనగా ఓడయే. ఓడలు నిలుచు రేవు గనుక వాడరేవు. అచ్చట చేపలవేట జీవనముగా గల కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. కనుచూపు మేర ఇసుక. ఇసుకకు వెనుక సరుగుడు తోటలు, తాళ్ళు, కొబ్బరి చెట్లు. ఎదుట ఉప్పుగాలి. నిప్పును గూర్చి మాటలాడునపుడు ఈ చోటునకు ఒక విశేషము కలదు. ఇచ్చట రాయి లేదు. ఆ తీరమంతయు నదులు తెచ్చిన ఒండ్రు, సముద్రము పోసిన ఇసుక. రాతికొండ కావలెనన్న లోపలి సీమకు పోవలెను. గాలిలో ఎల్లప్పుడు చెమ్మ ఉండును. నిప్పు పుట్టించుటకు ఇంతకంటె కఠినమైన తావు తెలుగుదేశములో అరుదు. కఠినమైన చోట ప్రశ్నించిననే సమాధానము తేటపడును.

నిప్పు పుట్టించుటకు పూర్వులకు తెలిసిన మార్గములు ముఖ్యముగ మూడు: రాపిడి, దెబ్బ, ఎండ.

మొదటిది రాపిడి. ఎండిన చెక్కలో చిన్న గుంట చేసి, దానిలో కర్ర కొన నిలిపి, త్రాటితో గాని అరచేతులతో గాని వేగముగ త్రిప్పుదురు. చెక్క అరిగి పొడి రాలును. ఆ పొడి మొదట గోధుమవన్నెగ, పిదప నల్లగ మారి, పొగ విడిచి, తుదకు చిన్న కణికయై వెలుగును. ఇచ్చట గ్రహింపవలసిన విషయమొకటి కలదు. రాపిడివలన పుట్టునది మంట కాదు, కణిక. దానిని పీచులో పెట్టి మెల్లగ ఊది మంటగ పెంచవలెను. తొందరపడి గట్టిగ ఊదినచో కణిక చెదరును, ఊదకున్నచో చల్లారును.

మన శ్రౌతకర్మలలో అరణి అనబడునది ఈ సాధనమే. క్రింది చెక్క అధరారణి, పైది ఉత్తరారణి. జమ్మిచెట్టుపై మొలచిన రావి కొమ్మ ఇందులకు శ్రేష్ఠమని శాస్త్రము. మజ్జిగ కవ్వమునకు వలె త్రాడు చుట్టి ఇటునటు లాగుదురు గనుక ఈ పనికి అగ్నిమథనమని పేరు. ఋగ్వేదము మూడవ మండలములోని యిరువదితొమ్మిదవ సూక్తము ఈ మథనమును గూర్చినదే. అరణి మనకు మహాభారతమువలన కూడ పరిచితము. ఒక బ్రాహ్మణుని అరణి లేడి కొమ్ములకు చిక్కుకొని పోగా, దానిని తెచ్చి యిచ్చుటకు పాండవులు వెంబడించిరి. దప్పిగొని కొలను చేరిరి. యక్షుడు ప్రశ్నించెను. ఎఱ్ఱాప్రెగడ తెనిగించిన అరణ్యపర్వశేషములోని ఈ కథను మనమందరము ధర్మరాజు సమాధానముల కొరకు జ్ఞప్తియందుంచుకొందుము. దానికి మూలము మాత్రము పోయిన నిప్పుకర్ర. అరణి పోయిన గృహస్థునకు నిత్యకర్మయే నిలిచిపోవును గనుక అన్నదమ్ములైదుగురు పరుగెత్తవలసి వచ్చెను.

అరణి పురాణములకు మాత్రమే చెందిన వస్తువని తలపరాదు. గోదావరి డెల్టాలోని కోనసీమలో యజ్ఞాగ్నులను జీవితాంతము నిలుపుకొను ఆహితాగ్నుల కుటుంబములను గూర్చి డేవిడ్ నైప్ అను అమెరికా పండితుడు అనేక సంవత్సరములు పరిశీలించి, 2015లో ఒక గ్రంథము ప్రకటించెను. కేరళలోని పాంజాళ్ అను గ్రామమున 1975లో జరిగిన అతిరాత్రమునందు సయితము నిప్పును మథించియే తీసిరి.

రెండవది దెబ్బ. దీనికి తెలుగులో చక్కని పేరు కలదు: చెకుముకి. గట్టి రాతి అంచును ఉక్కు ముక్కతో కొట్టినపుడు రవ్వలు రాలును. రవ్వ రాతినుండి పుట్టునని చాలమంది నమ్మకము. కాని రాయి ఉక్కుకంటె గట్టిది గనుక దెబ్బకు గీరుకొనిపోవునది ఉక్కే. ఆ సన్నని రజను వేడెక్కి, గాలి సోకగనే తానే మండును. మనము చూచు రవ్వ మండుచున్న ఇనుము. అది క్షణములో ఆరిపోవును గనుక, దానిని పట్టుకొనుటకు మిక్కిలి తేలికయైన పొడి వస్తువు సిద్ధముగ ఉండవలెను. నల్లమల చెంచులు రాయి, ఉక్కు, తెల్లబూరుగు దూది ఉపయోగించి నిప్పు చేయుదురని దక్షిణదేశపు కులములను, తెగలను గూర్చి 1909లో ప్రకటింపబడిన థర్‌స్టన్ గ్రంథములో వ్రాయబడినది. అడవిలో తిరుగువానికి ఆ మూడును మొలనున్న సంచిలో ఇమిడిపోవును. పిల్లల కొరకు జనవిజ్ఞానవేదిక ప్రకటించు విజ్ఞాన పత్రికకు ‘చెకుముకి’ అని పేరు పెట్టిరనిన, ఆ మాటలోని వెలుగు ఇంకను ఆరలేదని మనకు తోచును.

మూడవది ఎండ. యాస్కుడు తన నిరుక్తములో ఒక వింతయైన ప్రయోగమును చెప్పినాడు. మెరుగు పెట్టిన కంచునో, మణినో సూర్యునికి ఎదురుగ పట్టి, ఎండిన పేడకు దానిని తాకింపకయే, పేడ అంటుకొనునట్లు చేయవచ్చునని. ఆ మణి నేటి భూతద్దము వంటి పని చేసినది, ఆ కంచు పుటాకారపు అద్దము వంటి పని చేసినది. కవులు వర్ణించిన సూర్యకాంతమణికి వెనుక ఇట్టి అనుభవము ఉండియుండును. అయితే ఈ మార్గము పగటికి, మబ్బు లేని ఆకాశమునకు మాత్రమే. నిప్పు మిక్కిలి అవసరమైనది రాత్రియందును వానయందును గదా.

తెలుగునేలపై నిప్పు చరిత్ర ఎంత ప్రాచీనమైనదో పురావస్తు శాస్త్రజ్ఞులు కొంత తేల్చిరి. కర్నూలు సీమ గుహలలో ముచ్చట్ల చింతమానుగవి అను దానియందు ఎం.ఎల్.కె. మూర్తి గారు జరిపిన త్రవ్వకములలో ఒక పొయ్యి బయల్పడినది. అది సుమారు 17,000 సంవత్సరముల నాటిదని లెక్క కట్టిరి. పాలమూరు సీమలోని ఉట్నూరు మొదలగు చోట్ల ఉన్న బూడిద దిబ్బలు మరియొక సాక్ష్యము. రాక్షసుల ఎముకల బూడిద అని జనులు చెప్పుకొనెడి ఇట్టి దిబ్బలలో ఒకదానిని 1957లో ఉట్నూరున ఆల్చిన్ అను ఆంగ్ల పండితుడు త్రవ్వించెను. నవీన శిలాయుగపు పశుపాలకుల దొడ్లలో పేరుకొనిన పేడ, మరల మరల కాల్చబడి ఆ దిబ్బలైనదని ఆయన తేల్చెను. ఆ మంటలను నేటి మన పశువుల పండుగల మంటలతో పోల్చెను. నేటి భోగిమంటకు వెనుక ఎంత దూరము కలదో దీనివలన ఊహింపవచ్చును.

ఇక వాడరేవునకు తిరిగి వత్తము. మూడు మార్గములలో ఆ తీరమునకు ఏది అనుకూలము? చెకుముకికి రాయి లేదు, దానిని లోపలి సీమనుండి తెచ్చుకొనవలెను. రాపిడికి గాలిలోని చెమ్మ అడ్డు. ఎండకు ముసురు రోజులు అడ్డు. కాబట్టి ఇట్టి చోట మనుష్యుడు నేర్చుకొనిన గొప్ప విద్య నిప్పు పుట్టించుట కాదు, పుట్టిన నిప్పును చావనీయకుండుట. నిజమునకు మన దేశమంతటను సామాన్య గృహస్థుల విద్య ఇదియే. పుట్టించుట ఎప్పుడో ఒకనాటి పని. నిలుపుట ప్రతి రాత్రి పని.

రాత్రి వంట ముగిసిన పిదప ఇల్లాలు పొయ్యిలోని కణికలను ఒకచోటికి చేర్చి, పిడక ముక్క ఒకటి వానిపై పెట్టి, బూడిద కప్పును. గాలి తగినంత తగ్గుటచే నిప్పు మండక, ఆరక, తెల్లవారువరకు లోలోపల బ్రతికియుండును. వేకువనే బూడిద తొలగించి నాలుగు తాటాకులు వేసి ఊదుగొట్టముతో ఊదిన చాలును. నివురుగప్పిన నిప్పు అను పలుకుబడిని నేడు మనము దాగిన కోపమునకు, దాగిన ప్రమాదమునకు వాడుచున్నాము. ఆ మాట పుట్టిన వంటింటిలో అది ప్రమాదము కాదు, భద్రత. వరిపండు సీమలలో ఊక ఈ పనికి మరింత అనువైనది. గట్టిగ దట్టించిన ఊక మంట లేకుండ దినమంతయు రగులును. కంసాలి కుంపటికి అదియే ప్రాణము. కొబ్బరి సీమలలో పీచుత్రాడు కొనకు నిప్పంటించి వ్రేలాడదీసిన, అది గంటల తరబడి జానెడు జానెడుగ కాలుచుండును. కిళ్ళీకొట్టు స్తంభమునకు వ్రేలాడుచుండిన ఆ త్రాటి కొనతో చుట్ట ముట్టించుకొనిన పెద్దలు నేటికిని మన యిండ్లలో ఉన్నారు.

ఎంత జాగ్రత్తపడినను ఒక్కొక్కనాడు నిప్పు ఆరిపోవును. అప్పుడేమి చేయుదురు? అరణి మథించువారు ఎందరు? రాయి కొట్టువారు ఎందరు? ఎక్కువమంది చేసినపని మిక్కిలి సులభమైనది. పిడక ముక్క చేతబట్టుకొని పొరుగింటికి పోవుట. “వదినా, కాస్త నిప్పు పెట్టు” అని అడుగుట. పొరుగావిడ తన పొయ్యిలోని కణిక నొకదానిని ఆ పిడకపై పెట్టును. ఇచ్చినంత మాత్రమున తరుగని వస్తువు నిప్పు. రేపు ఆమె పొయ్యి ఆరిన ఈమె ఇచ్చును. ఊరిలోని పొయ్యిలన్నియు ఈ విధముగ ఒకదానికొకటి చుట్టములు.

ఈ చిత్రమునకు రెండవ ప్రక్క లేకపోలేదు. దానిని దాచి పాతకాలమును పొగడుట న్యాయము కాదు. ఊరు ఎవరినైన వెలివేసినచో మొదట విధించెడి కట్టుబాటు ఏమి? వారికి నిప్పు, నీరు ఇవ్వరాదని. నీరు లేనివాడు దప్పిచే, నిప్పు లేనివాడు ఆకలిచే లొంగవలసినదే. పొయ్యి గడప దాటి లోపలకు రాదగినవారు కొందరు, వాకిట దూరముగ నిలిచి కణిక కొరకు వేచియుండవలసినవారు మరికొందరు. నిప్పు పంచుకొనుటలో చుట్టరికము ఉన్నట్లే, నిప్పు నిరాకరించుటలో అధికారమును ఉండెను. నిప్పును స్వయముగ పుట్టించు సాధనము చేతిలో లేనివాడు ఇతరుల దయపై ఆధారపడెను.

ఈ వెలుగులో చూచిననే అగ్గిపుల్ల విలువ మనకు బోధపడును. 1826లో జాన్ వాకర్ అను ఆంగ్లేయ ఔషధ వ్యాపారి గరుకు కాగితముపై రాచిన మండెడు పుల్లను కనిపెట్టి, మరుసటి యేడు నుండి అమ్మజొచ్చెను. తరువాత తెల్ల భాస్వరము పూసిన పుల్లలు వచ్చెను. అవి ఎక్కడ గీచినను మండును. కాని వానిని తయారుచేయు కార్మికుల దవడ ఎముకలు ఆ భాస్వరపు విషముచే కుళ్ళిపోయెను. 1888లో లండను నగరమున అగ్గిపుల్లల కర్మాగారములోని బాలికలు, స్త్రీలు పని మాని సమ్మె కట్టిరి. 1906లో బెర్ను నగరమున కొన్ని దేశములు తెల్ల భాస్వరపు పుల్లలను నిషేధింప ఒడంబడిక చేసికొనెను. మన దేశమున 1913లో అందులకై చట్టము వచ్చెను. ఈలోగా స్వీడను దేశమున పాష్ 1844లో చూపిన త్రోవను లుండ్‌స్ట్రోం సోదరులు మెరుగుపరచిరి. మండించు మందును రెండుగ విడదీసి, ఒక పాలు పుల్ల తలపై, ఎర్ర భాస్వరము పెట్టె ప్రక్కన ఉంచిరి. నేడు మన చేతిలోని పెట్టె ఆ పద్ధతిదే.

ఆ పెట్టెలు మొదట స్వీడను, జపాను దేశములనుండి మన రేవులలో దిగెను. 1922లో దిగుమతి సుంకము పెరుగుటతో స్వదేశములో కర్మాగారములకు వీలు కలిగెను. శివకాశినుండి అయ్యనాడారు, షణ్ముగనాడారు అను ఇరువురు కలకత్తా పోయి ఈ పని నేర్చుకొని వచ్చి, 1923లో తమ ఊరిలో ప్రారంభించిరి. అక్కడి పెట్టెలు తెలుగుపల్లెల అంగళ్ళకు చేరెను. స్వల్పమైన వెలకు దొరకు ఆ పెట్టె కొనినవాడు ఇక ఎవరి వాకిటను నిలువనక్కరలేదు. వెలి వేసినను అతని పొయ్యి ఆరదు. ఈ స్వాతంత్ర్యమును గూర్చి సభలలో ఉపన్యసించినవారు లేకపోయినను, ఆ పెట్టె పేదవాని గూటిలో చేసినపని స్వల్పము కాదు. దానితోబాటు “వదినా, కాస్త నిప్పు పెట్టు” అను మాటయు మెల్లగ వినరాకుండ పోయెను.

ఇట్టి సౌకర్యము వచ్చిన తరువాత పాత విద్యలతో మనకేమి పని అని కొందరడుగవచ్చును. సమాధానము సముద్రము చెప్పుచున్నది. 1977 నవంబరు 19వ తేదీన పెనుతుపాను చీరాల సమీపమున తీరము దాటినది. దాని ఉప్పెన దివిసీమను ముంచెత్తినది. పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. 1990 మే నెలలో మరియొకటి కృష్ణ ముఖద్వారము సమీపమున తాకినది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే ఒడ్డు చేరినది. ఇట్టి వేళ ఇంటిలో మొదట చెడు వస్తువులలో అగ్గిపెట్టె ఒకటి. పుల్ల తలలోని లవణము నీట కరగిపోవును. పెట్టె ప్రక్కనున్న పూత ఊడిపోవును. ఆరబెట్టినను తిరిగి పనికిరాదు. నీరు కాచుకొననిదే త్రాగుట ప్రమాదమైన రోజులలో నిప్పు లేకుండుట రోగములకు వాకిలి తెరచుటయే.

చెకుముకి సంగతి వేరు. రాయి తడిసినను రాయియే. ఉక్కును తుడిచిన చాలును. తడి తగులరానిది దూది ఒక్కటే. కావున తీరవాసి దాచుకొనవలసినది నిప్పుకంటె ముందు పొడి వస్తువు. వానలో తడిసిన సీమలో పొడి వస్తువు ఎచ్చట దొరకును? నేలపై పడిన పుల్లలలో కాదు. చెట్టుననే ఎండి నిలిచియున్న కొమ్మను చీల్చిన దాని లోపలి చేవ పొడిగ ఉండును. దట్టమైన తాటాకు కప్పు లోపలి పొరలలో, ముదురు కొబ్బరికాయ డొక్క లోపలి పీచులో కొంత పొడి మిగిలియుండును. మొదట పీచు, పిదప సన్నని చీలికలు, ఆ తరువాత వ్రేలెడు పుల్లలు, తుదకు కట్టెలు. ఈ వరుస తప్పినవానికి పెట్టెడు పుల్లలున్నను పొయ్యి రాజదు. వరుస తెలిసినవానికి ఒక్క రవ్వ చాలును. తుపాను హెచ్చరిక విననైన వెంటనే రెండు అగ్గిపెట్టెలను మూత బిగియు డబ్బాలోనో, గాలి చొరని సంచిలోనో భద్రపరచుట ఈ కాలపు నివురు కప్పుట అనవచ్చును.

వాడరేవున రాయి లేదని మొదట చెప్పితిమి. ఆ మాటకు చిన్న సవరణ అవసరము. 1903లో ఆవర్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు సీరియము మొదలగు లోహములను ఇనుముతో కలిపి, గీచిన మాత్రమున మెండుగ రవ్వలు రాల్చు మిశ్రలోహమును కనిపెట్టెను. చుట్ట, సిగరెట్టు వెలిగించు లైటరులోని ‘రాయి’ అదియే. దానికి మూలమైన సీరియము మోనజైటు అను ఖనిజములో లభించును. ఆ మోనజైటు ఆంధ్ర తీరపు ఇసుకలో విస్తారముగ కలదు. రాయి లేని ఒడ్డున మనము కాలి క్రింద త్రొక్కుచున్న ఇసుక రేణువులలోనే చెకుముకి దాగియున్నదన్నమాట.

నిప్పు పుట్టించుటకు రాయి చాలును, కర్ర చాలును, ఎండ చాలును, నేడు పుల్ల చాలును. ఇవన్నియు ఒక్కని చేతిలోని పనులు. కాని ఉప్పెన వచ్చి ఊరంతయు తడిసిన మరునాడు, ఏదో ఒక యింటి గట్టుపై ఎవరో ఒకరి పొయ్యి మొదట వెలుగును. అప్పుడు మిగిలిన పొయ్యిలన్నియు దానినుండియే వెలుగవలెను. ఆ వాకిట నిలిచినవారిలో ఎవరికిని కణిక లేదనకుండుట మన పూర్వులు సగము నేర్చి, సగము నేర్వక విడిచిన పాఠము. దానిని పూర్తిచేయుట మన వంతు.